ఊరు మారేముందు ఒక వానాకాలం

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం కొద్దిగా సవరించి ఇస్తున్నాను.)



"రిటైరయ్యాక ఊరు మారదలచినవారికి సూచనలు" అనే విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారి ఆజ్ఞ. ఈ విషయం మీద మాట్లాడడానికి నాకున్న అర్హత ఏమిటయ్యా అంటే, నేను ఊరు మారలేదు. మారబోయి ఆగాను. తపాలా శాఖలో ముప్ఫై ఆరేళ్లు పనిచేసినవాణ్ణి. అడ్రసు మారితే ఉత్తరం ఎన్ని చోట్ల తిరుగుతుందో నాకు బాగా తెలుసు. మనిషి అడ్రసు మారితే ఏమవుతుందో మాత్రం అరవై అయిదో ఏట తెలుసుకున్నాను. అదే మీకు మనవి చేస్తాను.

మనలో చాలామంది ఎల్.టి.సి. మీద అండమాన్ చూసినవారే. చేతులెత్తమంటే సగం హాలు లేస్తుందని నాకు తెలుసు. మేమూ అలాగే 2018 జనవరిలో వెళ్లాం. సెల్యులార్ జైలు, రాస్ దీవి, హేవ్‌లాక్ దీవిలో తెల్లటి ఇసుక, గాజు అడుగున్న పడవలోంచి పగడాలు. అందరూ చూసేవే. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురం అని మార్చారు. హేవ్‌లాక్ అంతకుముందే, 2018 డిసెంబరులో, స్వరాజ్ ద్వీప్ అయింది. నా నోటికి పాత పేర్లే వస్తాయి, మన్నించండి.

మేం అక్కడున్నది అయిదు రాత్రులు. ఆ అయిదు రాత్రులూ మా ఆవిడ తలకింద ఒక్క దిండు పెట్టుకుని పడుకుంది. ఇందులో విశేషమేముంది అనుకోకండి. ఆవిడకి ఉబ్బసం. ఉప్పల్‌లో మా ఫ్లాటు మెయిన్ రోడ్డు పక్కన. నవంబరు వస్తే చాలు, దుమ్మూ పొగమంచూ కలిసి పిల్లికూతలు మొదలు. మూడు దిండ్లు ఆనించుకుని కూర్చున్నట్టే నిద్రపోయేది. అలాంటిది జనవరి నెలలో ఒక్క దిండు మీద, కిటికీ తెరిచి, తెల్లవారేదాకా కదలకుండా పడుకుంటే చూస్తూ కూర్చున్నాను. రిటైరయ్యాక ఇక్కడికి వచ్చేయాలని ఆ రాత్రే అనేసుకున్నాను.

2019లో రిటైరయ్యాను. తర్వాత కరోనా రెండేళ్లు అందరికీ తెలిసినవే. 2023లో మళ్లీ ఆ ఆలోచన పట్టుకుంది. అబ్బాయి పుణెలో ఉద్యోగం, అమ్మాయి అత్తవారిల్లు నిజామాబాదు. ఫ్లాటు అమ్మితే వచ్చే సొమ్ము బ్యాంకులో వేసుకుని, సముద్రం కనిపించే చోట అద్దెకి ఉందామని కాగితం మీద లెక్కలన్నీ వేశాను. లెక్కలు భేషుగ్గా కుదిరాయి. కాగితం మీద ఏ లెక్కయినా కుదురుతుంది కదండీ.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆవిడకి చెప్పకుండా ఒక బ్రోకరుతో మాట్లాడేశాను. నేను పెన్షను పుస్తకం పనిమీద బ్యాంకుకి వెళ్లిన రోజున అతను ఎవరినో వెంటబెట్టుకుని వచ్చి, "అమ్మా, పడగ్గదులు ఒకసారి చూపిస్తారా?" అన్నాట్ట. ఆవిడ మర్యాదగా అన్నీ చూపించి, మంచినీళ్లిచ్చి పంపించింది. నేను ఇంటికొచ్చేసరికి వంట అయింది, వడ్డన అయింది, మాట మాత్రం లేదు. అలా రెండు రోజులు గడిచింది. ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో ఏ మెమోకీ నేనంత భయపడలేదు.

మూడోనాడు కాఫీ ఇస్తూ ఆవిడే అంది: "అమ్మండి, వద్దనను. ఆ గాలి నాకు పడిందని నాకూ తెలుసు. కానీ మనం హోటల్లో ఉన్నాం, ఎవరో వండిపెడితే తిన్నాం. ఒక వానాకాలం అక్కడ నా చేత్తో వండుకుని బతికాక అప్పుడు అమ్మండి."

నేనీ రోజు మీకు చెప్పే తెలివితేటలన్నీ ఆ మాటలోంచి పుట్టినవే. నావి కావు.

నా మిత్రుడొకరున్నారు, పేరు చెప్పను. నాకంటే రెండేళ్ల ముందు రిటైరయ్యారు. ఒక శీతాకాలం సముద్రం ఒడ్డున ఒక ఊరు చూసి ముచ్చటపడి, ఉన్న ఇల్లు అమ్మేసి అక్కడ కొనుక్కున్నారు. పద్నాలుగు నెలలకి వెనక్కి వచ్చేశారు. వచ్చేసరికి ఇక్కడ ఇళ్ల ధరలు పెరిగి, తన పాత పేటలోనే అద్దెకుంటున్నారు. అమ్మిన ఇంటి ముందు నుంచే రోజూ పాలకి వెళతారు. ఆయన్ని తలుచుకుని నేనూ తగ్గాను.

సరే, ఇక ప్రయాణం సంగతి. ఊరు చూడడానికి వెళ్లడం వేరు, ఊళ్లో ఉండగలమా అని చూడడానికి వెళ్లడం వేరు. మొదటిదానికి అందరూ మంచి కాలం చూసుకుంటారు. రెండోదానికి చెడ్డ కాలమే చూసుకోవాలి. అండమాన్‌కి మంచి కాలమంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు. ఎల్.టి.సి. వాళ్లందరూ వెళ్లేది అప్పుడే. నైరుతి ఋతుపవనం మన దేశంలో మొదట అడుగుపెట్టేది ఆ దీవుల్లోనే, కేరళ కంటే ముందుగా మే మూడో వారంలో. ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన హైదరాబాదులో 800 చిల్లర పడితేనే నాలాలు పొంగి పేపర్లో ఫొటోలొస్తాయి. అందుకని మేం 2024 జూన్ 1న బయల్దేరి మూడు వారాలుండేలా టిక్కెట్లు తీసుకున్నాం. ట్రావెల్ ఏజెంటు కుర్రాడు "సార్, జూన్‌లోనా? ఏమీ చూడలేరు" అన్నాడు. చూడడానికి కాదు నాయనా అన్నాను. అతనికి అర్థం కాలేదు.

చెన్నై, కలకత్తా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలున్నాయి. చెన్నై నుంచి దాదాపు 1200 కిలోమీటర్లు, సుమారు మూడు రోజుల ప్రయాణం. వయసులో ఉన్నవారికి బాగానే ఉంటుంది. మేం హైదరాబాదు నుంచి విమానంలోనే వెళ్లాం. రెండున్నర గంటలు. కొత్త టెర్మినల్ 2023 జూలైలో ప్రారంభించారు, శంఖం ఆకారంలో అందంగా ఉంది. దిగగానే జోరున వాన.

హోటలు తీసుకోకూడదని ముందే నిర్ణయం. బేరాలేవో పడి జంగ్లీఘాట్ పేటలో ఒక డాబా ఇంట్లో పై వాటా మూడు వారాలకి కుదుర్చుకున్నాం. రెండు గదులు, వంటిల్లు, గ్యాసు పొయ్యి. జంగ్లీఘాట్ అంటే చేపల రేవున్న పేట. అక్కడ అడుగుపెట్టిన మర్నాడు పొద్దున్నే కింద వాటా ఆవిడ మెట్లెక్కి వచ్చి, మా ఆవిడ బట్టలారేస్తుంటే చూసి, "ఏటమ్మా, వానలకొచ్చినారేటి? ఈ రోజుల్లో ఎవులొస్తారు?" అంది.

మా ఆవిడ చేతిలో చీర జారవిడిచేసింది. ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా. నలభై ఏళ్లుగా హైదరాబాదులో ఉండి ఆ యాస మరిచిపోయిందనుకున్నాను. ఒక్క నిమిషంలో ఇద్దరూ "మాదీ ఆ పక్కే, మాదీ ఆ పక్కే" అనుకుంటూ మెట్ల మీద కూర్చున్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకీ కూలిపనికీ వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల మొత్తం జనాభా 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు నూటికి 13 మంది దాకా. బెంగాలీ, తమిళం, తెలుగు, మలయాళం అన్నీ వినిపిస్తాయి, అందర్నీ కలిపేది హిందీ. ఆ హిందీకి వ్యాకరణం అడక్కూడదు.

కాబట్టి నేను సముద్రం చూసి వెళ్లాను, ఆవిడకి మనుషులు దొరికారు. మొదటి పది రోజులూ మా ఇద్దరిలో నాకంటే ఆవిడకే ఆ ఊరు ఎక్కువ నచ్చిందని చెప్పాలి.

ఆవిడ ఒక నోటుబుక్కు పెట్టింది. మన ఆఫీసుల్లో ఇన్స్పెక్షను రిపోర్టులాగా కాదు, పాలపద్దు రాసినట్టు రాసింది. "ఉల్లిపాయలు ఇక్కడ ఇంత, మన దగ్గర ఇంత. కొబ్బరికాయ చవక. కరివేపాకు కింద ఇంటావిడ ఇచ్చింది. ఓడ ఆలస్యమైందట, టమాటా ముట్టుకోలేదు." దీవుల్లో బియ్యం, పప్పు, నూనె, ఉల్లి, బంగాళాదుంప చాలావరకు సముద్రం దాటి రావలసినవే. ఓడ ఎప్పుడొస్తుందో తెలుసుకుని కూరల కొట్టుకి వెళ్లడం అక్కడ గృహిణులకి అలవాటు. చేప మాత్రం దివ్యంగా ఉంటుంది. వంజరం ముక్క మా ఆవిడ చింతపులుసు పెట్టిందంటే కింద వాటావాళ్లు గిన్నె తీసుకుని వచ్చారు. మా ఖర్చు మొత్తం మీద ఇక్కడికంటే నాలుగోవంతు ఎక్కువైంది. ఇది మా ఒక్క ఇంటి లెక్క, మీ లెక్క వేరు కావచ్చు.

ఆవిడ ఇంటి లెక్క చూస్తుంటే నేను బయట లెక్క చూశాను. పొద్దున్న పోస్టాఫీసుకి వెళ్లాను. 744101 అనే పిన్ కోడు నంబరు ఎన్ని వేల ఉత్తరాల మీద చదివానో. ఆ నంబరున్న ఆఫీసు గుమ్మంలో నిలబడితే ఏదో బంధువుల ఇంటికి వచ్చినట్టనిపించింది. స్పీడు పోస్టు ఎన్నాళ్లకి వస్తుంది, మనియార్డరు ఎలా ఉంది అని అడిగి, నేనూ శాఖవాణ్ణే అంటే కుర్చీ వేసి టీ ఇచ్చారు. తర్వాత బ్యాంకు. పెన్షను ఖాతా ఏ శాఖకైనా మార్చుకోవచ్చు, అది ఇప్పుడు సమస్య కాదు. జీవన ప్రమాణ పత్రం కూడా 2014 నుంచి కంప్యూటరులో ఇచ్చేయవచ్చు, 2020 నుంచి పోస్ట్‌మన్ ఇంటికే వచ్చి వేలిముద్ర తీసుకుంటున్నాడు. ఇంటర్నెట్టు మాట చెప్పాలి. 2018లో అక్కడి నుంచి ఒక ఫొటో పంపించాలంటే తెల్లవారేది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఆ బాధ తీరింది. మా మనవరాలి ముఖం ఇక్కడ కనిపించినంత స్పష్టంగానూ అక్కడా కనిపించింది.

వైద్యం విషయానికి తీరిగ్గా రావాలి. బయల్దేరకముందే మా ఆవిడ మందుల చీటీలో కంపెనీ పేర్ల పక్కన అసలు మందు పేర్లు కూడా డాక్టరుగారి చేత రాయించాను. నెలా పదిహేను రోజులకి సరిపడా మందులు పట్టుకెళ్లాం. అక్కడ మందుల షాపులు నాలుగు తిరిగి, ఆవిడ వాడే ఇన్హేలరు ఉందా, లేకపోతే ఎన్నాళ్లకి తెప్పిస్తారు అని అడిగాను. రెండింట్లో ఉంది. ప్రభుత్వ పెద్దాసుపత్రి ఊరి మధ్యనే ఉంది. 2015లో వైద్య కళాశాల కూడా వచ్చింది. అయితే క్లిష్టమైన కేసులు చెన్నైకో కలకత్తాకో పోవలసిందేనని అక్కడివాళ్లే చెప్పారు. సి.జి.హెచ్.ఎస్. కార్డున్నవారు, కొత్త ఊళ్లో అది ఎంతవరకు చెల్లుతుందో బయల్దేరకముందే రాతపూర్వకంగా కనుక్కోండి. ఆ సౌకర్యం అందని చోట ఉండే కేంద్ర పెన్షనర్లకి 2017 జూలై నుంచి నెలకి 1000 రూపాయల మెడికల్ అలవెన్సు ఇస్తున్నారు. వెయ్యి రూపాయలకి ఏమొస్తుందో ఈ సభకి నేను చెప్పనక్కర్లేదు.

ఇంకొక ప్రశ్న వేసుకున్నాను, అది ఏ కాగితంలోనూ దొరకదు. ఫోను చేసిన దగ్గర్నుంచి మా అబ్బాయి గుమ్మంలో నిలబడేసరికి ఎన్ని గంటలు? పుణె నుంచి ఉప్పల్‌కి రాత్రి బస్సెక్కితే తెల్లారి దిగుతాడు. పుణె నుంచి జంగ్లీఘాట్‌కి? విమానాలు కుదిరితే ఒక పగలు. ఆనాటి విమానం దాటిపోతే మర్నాడు. తుపాను పట్టి విమానాలు రద్దయితే లెక్కే లేదు. నేనీ అంకె కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను, ఆవిడకి చూపించలేదు. ఒకసారి దాచి దెబ్బతిన్నవాణ్ణి, బుద్ధి రాలేదు.

సాయంత్రాలు చెప్పాలి. గడియారం మనదే కానీ సూర్యుడు వేరు. జూన్‌లో పొద్దున్న అయిదింటికే వెలుగు, సాయంత్రం ఆరవకముందే దీపాలు. డిసెంబరులో అయితే అయిదింటికే అస్తమయం. ఎల్.టి.సి.లో అలిసిపోయి పడుకునేవాళ్లం కనుక తెలియలేదు. వాన కురుస్తుండగా ఆరింటి నుంచి పదింటి దాకా నాలుగు గంటలు ఏం చెయ్యాలి? టీవీ ఎంతసేపని చూస్తాం? ఇక్కడైతే మన సంఘం ఉంది, లైబ్రరీ ఉంది, గుళ్లో పురాణం ఉంది, ఏమీ లేకపోతే సెల్లారులో వాచ్‌మన్‌తో కబుర్లున్నాయి. ఎనిమిదో రోజు సాయంత్రం నాకు మొదటిసారి ఉప్పల్ గుర్తొచ్చింది. ఆ దుమ్మూ ధూళీ గుర్తొచ్చింది. ఒప్పుకోవడానికి సిగ్గేసింది. మా ఆవిడ మాత్రం కింద వాటాలో వలలు బాగుచేస్తుంటే చూస్తూ, వాళ్ల కోడలికి ఊరగాయ పాళ్లు చెబుతూ కూర్చుంది.

పదకొండో రోజుకి నా తోలు చెప్పులకి తెల్లగా బూజు పట్టింది. పన్నెండోనాడు కళ్లజోడు పెట్టెకి పట్టింది. బట్టలు ఆరడం లేదు, పరుపు ముట్టుకుంటే చెమ్మ. గోడ మూలన నల్లటి మచ్చలు. ఇల్లు గలవారు ఏటా సున్నం వేయిస్తారు, వాన ఏటా తినేస్తుంది, ఎవరి తప్పూ కాదు. పదమూడో రాత్రి మా ఆవిడ రెండో దిండు అడిగింది. నేను చూసీ చూడనట్టు ఇచ్చాను. పద్నాలుగో రాత్రి మూడోది అడిగింది.

ఆ రాత్రి రెండింటికి లేచి కూర్చుంది. ఊపిరి అందడం లేదు. నెబ్యులైజరు మిషను పట్టుకెళ్లాం, అది తీసి ప్లగ్గులో పెట్టాను. కరెంటు లేదు. గాలివానకి ఎక్కడో తీగ తెగిందట. దీవుల్లో కరెంటు చాలా భాగం డీజిలు జనరేటర్ల మీద వచ్చేది, మామూలు రోజుల్లోనే అప్పుడప్పుడు పోతుంది. కొవ్వొత్తి వెలుగులో ఆ మిషను చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఎన్ని ప్రశ్నలు వేసుకుని, ఎన్ని షాపులు తిరిగి, ఎంత జాగ్రత్తగా వచ్చాను! మిషను కరెంటుతో నడుస్తుందన్న సంగతి ఒక్కటీ ఆలోచించలేదు.

కిందికి పరుగెత్తి తలుపు కొట్టాను. ఆ ఇంటి కుర్రాడు చొక్కా అయినా వేసుకోకుండా వచ్చి, "ఉండండి బాబూ, నానొస్తాను" అని తన ఆటో తీశాడు. వాళ్లమ్మ మా ఆవిడ వీపు నిమురుతూ వెనక కూర్చుంది. పెద్దాసుపత్రిలో చేరిన పది నిమిషాలకి ఆక్సిజను, మందు ఆవిరి పెట్టారు. తెల్లవారేసరికి తేరుకుంది. ఆ డాక్టరమ్మాయి మా అమ్మాయి వయసుది. ఆమె చెప్పిన మాట రెండు ముక్కలు: "అంకుల్, మీ ఊళ్లో ఆంటీకి దుమ్ము శత్రువు. ఇక్కడ వానాకాలంలో బూజు శత్రువు." ఇంకొకటీ చెప్పింది. ఇన్హేలరుకి ప్లాస్టిక్ గొట్టంలాంటి స్పేసరు తగిలించి వాడితే చాలా సందర్భాల్లో మిషనుతో సమానంగా పనిచేస్తుందట, దానికి కరెంటు అక్కర్లేదు. ఉబ్బసం ఉన్నవారు మీ డాక్టరుని అడగండి, ఇంట్లో ఒకటి ఉంచుకోండి. దాని ఖరీదు కొద్ది వందలే. బ్యాటరీతో నడిచే చిన్న నెబ్యులైజర్లూ దొరుకుతున్నాయి, మేం తర్వాత కొన్నాం.

ఆటో కుర్రాడికి డబ్బులివ్వబోతే వాళ్లమ్మ నాకు చీవాట్లు పెట్టింది. ఆ రాత్రి మేం హోటల్లో ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆ పేటలో, ఆ మెట్ల కింద ఉన్నాం కనుక బతికిపోయాం. కాబట్టి ఆ ఊరు మా ఆవిడని ఇబ్బంది పెట్టిందనాలో, కాపాడిందనాలో నేటికీ నేను తేల్చుకోలేదు.

మర్నాడు జేబులోని కాగితం ఆవిడ చేతికిచ్చాను. అబ్బాయి రావడానికి పట్టే గంటల లెక్క. చదివి, "ఇది మొదటి రోజే చూపిస్తే సరిపోయేదిగా" అని మడిచి నోటుబుక్కులో పెట్టుకుంది. మిగిలిన రోజులు మరో గదిలోకి మారాం. పరుపు తీసేసి నవారు మంచం వేయించాం, పగలు ఎండ వచ్చినప్పుడల్లా కిటికీలు తెరిచాం. తగ్గింది గానీ ఒక్క దిండుకి రాలేదు. 22న తిరిగి వచ్చాం.

నేనైతే అక్కడితో ముగించేసేవాణ్ణి. ఆవిడే ఒప్పుకోలేదు. "వాన చూశాం, ఎండ చూడొద్దా?" అంది. 2025 మార్చిలో మళ్లీ పది రోజులు వెళ్లాం, అదే వాటాకి. అక్కడి మరో విచిత్రం ఏమిటంటే, అంత వాన కురిసే ఊళ్లో ఎండాకాలం నీళ్లుండవు. ఊరికి ముఖ్యంగా ధానీఖారీ డ్యాము నుంచి నీరు రావాలి. ఫిబ్రవరి దాటితే అది తగ్గుతూ వస్తుంది. మేమున్నప్పుడు మూడో రోజుకొకసారి నీళ్లు వదిలారు. బిందెలు, డ్రమ్ములు, బకెట్లు, ఆఖరికి ప్రెషరు కుక్కరు కూడా నింపి పెట్టుకున్నాం. మేడ మీద ట్యాంకుందా, కింద సంపు ఉందా, వాన నీరు పట్టుకునే ఏర్పాటుందా అని చూడకుండా అక్కడ ఇల్లు తీసుకోకూడదు. ఇల్లు ఎంత ఎత్తున ఉందో కూడా చూడాలి. 2004 డిసెంబరు 26 సునామీలో సిప్పీఘాట్ వైపు పల్లపు భూములు ఉప్పునీటిలో మునిగాయి. ఆ వైపు బస్సులో వెళుతుంటే పక్క సీటు పెద్దాయన చెయ్యి చాపి చూపించి, ఏమీ మాట్లాడలేదు.

అయితే ఆ మార్చిలో పది రాత్రులూ ఆవిడకి దిండు ఒక్కటే.

తిరుగు విమానంలో నోటుబుక్కు తీసి ఇద్దరం లెక్క చూసుకున్నాం. ఆవిడకి ఇక్కడ పడని నెలలు నవంబరు నుంచి జనవరి. అక్కడ పడని నెలలు మే నుంచి వానలు వెనుకబట్టేదాకా. అక్కడ నీళ్లకి కటకట మొదలయ్యేది ఫిబ్రవరి తర్వాత. అన్నీ తీసేస్తే మిగిలింది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. సంచార జాతులవాళ్లూ పక్షులూ ఎప్పటి నుంచో చేస్తున్న పనే. ఫ్లాటు అమ్మడం లేదు. తొమ్మిది నెలలు ఇక్కడ, మూడు నెలలు అక్కడ. రెండు అద్దెలు లేవు కాబట్టి, విమానం టిక్కెట్లు మూడు నెలల ముందే తీసుకుంటే మా పెన్షనుతో సరిపోతుంది. నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇచ్చేసి ఎక్కేస్తాం. నాకు మనసులో కొరత లేదని అనను. సముద్రం ఒడ్డున పన్నెండు నెలలూ ఉండాలని 2018లో అనుకున్న ముసలాడు నాలో ఇంకా ఉన్నాడు. అప్పుడప్పుడు అలిగి కూర్చుంటాడు. బ్రోకరు కూడా ఆర్నెల్లకొకసారి ఫోను చేసి "ఏమైనా మనసు మార్చుకున్నారా సార్" అంటుంటాడు. ఆ ఫోను ఇప్పుడు ఆవిడే ఎత్తుతోంది.

సభలో కొందరు మిత్రులు గోవా, కేరళ, పుదుచ్చేరి అంటున్నారని విన్నాను. ఆ ఊళ్ల సంగతి నాకు తెలియదు. నా నోటుబుక్కు, అంటే మా ఆవిడ నోటుబుక్కు, కావలసినవారికి జిరాక్సు తీసి ఇస్తాను. పేజీకి రూపాయిన్నర మీరే పెట్టుకోవాలి.

కిందటి వారం జంగ్లీఘాట్ నుంచి ఫోను వచ్చింది. పై వాటాకి సున్నం వేయించారట, మా కోసం నవారు మంచం అలాగే ఉంచారట. వచ్చే డిసెంబరుకి వచ్చేటప్పుడు ఆవకాయ తెమ్మన్నారు, అయిదు కిలోల జాడీ. విమానంలో సామానుతో పాటు నూనె ఊరగాయ వెయ్యనిస్తారా, లేక దాన్ని చెన్నై నుంచి ఓడలో పంపాలా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. ఇంతకుముందు తీసుకువెళ్లినవారు ఎవరైనా ఉంటే, టీ విరామంలో నన్ను కలవవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.